దోబూచి రైలు

మా అమ్మాయి మొదటి అడుగు నేను ఫోన్‌లో చూశాను. విశాఖ ఓడరేవులో ఇనుప ఖనిజం ఓడలకెత్తే చోట నా పని. ఆ రోజు బి షిఫ్టు. మా ఆవిడ పంపిన వీడియో 11 సెకన్లు. సోఫా అంచు వదిలి, రెండడుగులేసి, మూడోది వేయబోయి చతికిలబడింది. వెనక నుంచి మా అత్తగారి చప్పట్లు. క్యాంటీన్‌లో పక్కవాళ్ళందరికీ చూపించాను. మొదటి పన్ను, మొదటి మాట, అద్దంలో తన మొహానికి తనే పెట్టుకున్న ముద్దు, అన్నీ నాకు అలాగే అందాయి, వాట్సాప్‌లో.

అందుకే డిసెంబరులో మూడు రోజులు సెలవు దొరగ్గానే అరకు పోదామన్నాను. అప్పటికి పిల్లకి ఇరవై నెలలు. మా అత్తగారిది విజయనగరం పక్క. "ఈ చలిలో పసిగుంటని కొండెక్కిత్తారా? చెవుల్లోకి మంచుగాలి కొడతాది బాబూ" అన్నారు. అంటూనే సంచి సర్దారు. వాము కాచిన నీళ్ళ సీసా, ఉన్ని టోపీలు రెండు, ఉగ్గు పొడి డబ్బా. బుగ్గ మీద అగరు చుక్క, అరికాల్లో ఇంకోటి. ఆ సంచి బరువు ముందు మా ఇద్దరి బట్టలూ ఒక లెక్కలోవి కావు.

అరకు రోడ్డు మీద బస్సులున్నాయి, కార్లున్నాయి. కానీ పిల్లతో పోతే కిరండూల్ రైల్లోనే పోవాలని నా పట్టు. దానికో కారణముంది. ఆ లైను మా లైను. 1960లలో బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి వేసిందది. కొత్తవలస దగ్గర పెద్ద లైన్ నుంచి చీలి, తూర్పు కనుమలు ఎక్కి, ఒడిశా దాటి, ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా పోతుంది. మనుషులెక్కే రైలు దాని మీద తరవాత నడిచిందే. పన్నెండేళ్ళుగా ఆ కొండల మట్టి నా చొక్కా మీద వాలుతోంది. వచ్చే చోటు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

అద్దాల బోగీలో టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. అయిపోవడమే మంచిదైంది. మామూలు బోగీలో కిటికీకి ఊచలుంటాయి, పట్టుకోవడానికి. ఐదేళ్ళలోపు పిల్లకి టిక్కెట్టు లేదు, సీటూ లేదు, కాబట్టి నా ఒళ్ళే సీటు. లోయంతా కుడి వైపునే కనబడుతుందని తెలిసిన వాళ్ళు చెబితే కుడి కిటికీ పట్టాను. ఏడు కాకముందే బండి కదిలింది.

సింహాచలం, పెందుర్తి, కొత్తవలస. ఈలోపు పిల్ల కిటికీ ఊచ నాకింది, నా చెవి కొరికింది, ఎదురు సీట్లోని ముసలమ్మ చేతి గాజులు లెక్కపెట్టింది. లెక్కంటే ఒకటే అంకె: "ఇంకోతి, ఇంకోతి." కనబడ్డ ప్రతిదానికీ "ఏతది?" అమ్మమ్మ దగ్గర నేర్చిన "ఏటది" అన్నమాట. మేక, టవరు, తాటిచెట్టు, ఎవరో ఆరేసిన చీర. మొదటి యాభైకి జవాబు చెప్పాను. తరవాత మా ఆవిడకి అప్పజెప్పాను. పిల్లల ప్రశ్నలు ముద్దుగా ఉంటాయని రాసే వాళ్ళు వరసగా గంటసేపు విన్న వాళ్ళు కారని నా అనుమానం.

శృంగవరపుకోటలో ముంతకింద పప్పు అమ్మేవాడు ఎక్కాడు. పిల్ల తాను సగం చప్పరించిన బిస్కెట్టు తీసి ముసలమ్మకి చాపింది. ఆవిడ తిన్నట్టు నటించలేదు. తీసుకుని నిజంగానే నోట్లో వేసుకుంది. "మీదే ఊరు బాబూ? గుంట సలాకీ గుంటే" అంది. బొర్రాలో కూతురింటికి పోతోందట, ఒళ్ళో చేటంత అరిటాకు మూట.

బొడ్డవర దాటాక బండి వగర్చడం మొదలెట్టింది. శివలింగపురం తరవాత ఘాట్. పచ్చటి కొండ కిటికీ దాకా వచ్చి, మొదటి సొరంగం మా మీద పడింది.

చీకటి. చక్రాల మోత పది రెట్లయింది. పక్క వరసలో కాలేజీ కుర్రాళ్ళు "ఓ..." అని ఒకటే కేకలు. అరకు రైల్లో అది ఆనవాయితీ. పిల్ల ముందు ఊపిరి బిగబట్టింది, ఆ తరవాత కేక పెట్టి నా మెడకి కరుచుకుంది. నేను "ఏం లేదమ్మా, ఏం లేదు" అంటున్నాను. ఏం లేదన్న మాటే ఆ చీకట్లో దాని భయమని అప్పుడు తట్టలేదు. ఎదుటి నుంచి ముసలమ్మ గొంతు వినిపించింది. "ఏడవకే గుంటా. సీకటెల్లిపోద్ది. ఎలుగు వొత్తాది, సూడు. వొత్తాది, వొత్తాది..."

వచ్చింది. బుగ్గ మీద కన్నీటి చుక్క సగంలో ఆగి ఉంది.

రెండోదానికీ ఏడిచింది, కొంచెం చిన్నగా. మూడు, నాలుగు అంతే. ఐదోదానికి ఏడుపు లేదు గానీ గోళ్ళు నా మెడలో దిగాయి. ఎనిమిదో తొమ్మిదో సొరంగంలో ఒకటి జరిగింది. చీకట్లోనే, నా భుజం మీద నుంచి ఆమె తల లేచింది. కళ్ళకి కనబడలేదు, బరువు తెలిసింది. వెలుగు రాగానే కిటికీ వైపు చూడలేదు. నా మొహం చూసింది. వాళ్ళమ్మ మొహం చూసింది. ముసలమ్మని చూసింది. అందరూ ఉన్నారు. అప్పుడు నవ్వింది.

తొమ్మిది నెలలప్పటి నుంచీ అమ్మమ్మ చీర చెంగుతో దోబూచులాడిన పిల్లే. చెంగు వెనక అమ్మమ్మ ఉందని తెలుసు. కానీ లోకం మొత్తాన్ని ఎవరో ఒకేసారి చెంగు వేసి కప్పడం ఇదే మొదలు. స్విట్జర్లాండ్‌కి చెందిన పియాజే తన ముగ్గురు పిల్లల్ని ఇంట్లో కూర్చుని గమనించి, కనబడని వస్తువు లేకుండా పోలేదని పసివాళ్ళకి ఎలా తెలుస్తుందో పుస్తకాలు రాశాడు. ఆయనకి నోటుపుస్తకం ఉంది. నాకు ఫోనుంది. మా ఆవిడ వీడియో తీయబోయింది కూడా. తెరంతా నల్లగా ఉంది, కుర్రాళ్ళ కేకలు తప్ప ఏమీ పడలేదు. ఫోను లోపల పెట్టేసింది.

తరవాత ఆట మారింది. సొరంగం దగ్గరపడితే మోత ముందే మారుతుందని మాకంటే ముందు ఆమె కనిపెట్టింది. చెవి రిక్కించి "పోయింది" అనేది. చీకట్లో "వొత్తాది" అనేది, అచ్చు ముసలమ్మ యాసలో. వెలుగు రాగానే "వచ్చింది!" అని చప్పట్లు. కుర్రాళ్ళు కేకలు మానేసి ఆమెతో పాటు "వొత్తాది" అనడం మొదలెట్టారు. సొరంగాలు లేని చోట తన రెండు చేతులతో కళ్ళు మూసుకుని సొంత సొరంగం చేసుకుంది. ఆనక నా కళ్ళు మూసింది, బిస్కెట్టు జిడ్డు చేతులతో. నేను "పోయింది" అనాలి. అనకపోతే చెయ్యి తీయదు. ఈ దారిలో సొరంగాలు 58 అని అందరూ చెప్పే లెక్క. నా లెక్క 17 దగ్గర తప్పింది, ఆమె వేసినవి కూడా కలిసిపోయి.

తైడ దాటాక ఒక చిన్న స్టేషన్లో బండి ఆపేశారు. ఎదురుగా గూడ్సు రావాలి. పావుగంట తరవాత వచ్చింది, ముందు జతచేసిన ఇంజన్లు, వెనక తెరిచిన వ్యాగన్లు, ప్రతిదాంట్లో ఎర్రగా కుప్ప. నేను షిఫ్టు నుంచి వస్తే పిల్ల పరుగెత్తుకొస్తుంది. స్నానమయ్యేదాకా నన్ను ముట్టుకోనివ్వదు వాళ్ళమ్మ, "ఛీ, దుమ్ము" అని. ఇప్పుడా వ్యాగన్లని చూసి, వేలు చాపి, తిరిగి నన్ను చూసి అంది:

"నాన్న దుమ్ము."

అంతవరకూ దాని మాటలన్నీ ఒంటి మాటలే. రెండు కలిపి అనడం అదే మొదటిసారి. మా ఆవిడ "విన్నారా?" అంది. విన్నాను. ఈసారి నేనే విన్నాను. వ్యాగన్లు పోతూనే ఉన్నాయి, నా వచ్చే వారం పని అంతా కొండ దిగి నా కళ్ళ ముందు నుంచే పోతోంది. నా గొంతుకి ఏదో అడ్డం పడింది. చలిగాలి అని చెప్పాను.

బొర్రా గుహలు స్టేషన్లో ముసలమ్మ దిగింది. దిగేముందు పిల్ల గడ్డం పట్టుకుని, "ఎల్తానే బంగారం" అంది. పిల్ల టాటా చెప్పింది. బండి కదిలి, ముందున్న సొరంగంలో దూరింది. చీకట్లో యథాప్రకారం "వొత్తాది." వెలుగొచ్చింది. పిల్ల ఎదురు సీటు చూసింది. ఖాళీ. చప్పట్లు కొట్టలేదు. తరవాతి సొరంగంలో మళ్ళీ అంది, ఇంకాస్త గట్టిగా. వెలుగొచ్చింది. సీటు ఖాళీ. నా మొహం చూసి, "ఏతది?" అంది. ఉదయం నుంచి వంద ప్రశ్నలకి ఏదో ఒకటి చెప్పిన వాణ్ణి. దీనికి మాత్రం జామకాయ ముక్క చేతిలో పెట్టాను. శిమిలిగుడ వచ్చేదాకా ఆ సీటు వంకే చూస్తూ తింది. 996 మీటర్ల ఎత్తున్న ఆ స్టేషన్ ఒకప్పుడు మన దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అన్నిటికంటే ఎత్తైనదట, కాశ్మీర్‌లో పట్టాలు పడేదాకా. దిగి ఫోటో తీసుకోవాలనుకున్నాను. దిగలేదు.

అరకు గురించి పెద్దగా చెప్పను, చాలామంది చెప్పారు. వలిసె పూలు విరగబూసి ఉన్నాయి, చేలు చేలే పసుపుపచ్చ. వాటి మధ్య నిలబెట్టి ఫోటో తీద్దామంటే కింద చీమల బారు దగ్గర కూర్చుండిపోయింది, మా దగ్గరున్నవన్నీ వెనక నుంచి తీసిన ఫోటోలే. గిరిజన మ్యూజియంలో నిలువెత్తు బొమ్మల్లో ఒకావిడ కూర్చుని ఉంటే బిస్కెట్టు చాపింది. ఆవిడ తీసుకోలేదు. చాలాసేపు చాపే ఉంచి, చివరికి ఆవిడ ఒళ్ళో పెట్టి వచ్చేసింది. బొంగు చికెన్ మేం తిన్నాం, ఆమె పెరుగన్నం తింది. రాత్రి రెండు రగ్గులు కప్పుకున్నా చలి ఆగలేదు. అత్తగారికి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

మర్నాడు జీపు మాట్లాడుకుని బొర్రా మీదుగా తిరుగు ప్రయాణం. గుహ నోట్లోకి దిగుతుంటే పిల్ల "పోయింది" అంది. ఆమె లెక్కలో అదీ సొరంగమే. మెట్టు మెట్టుకీ "వొత్తాది, వొత్తాది." రాదు. మేం లోపలికి పోతున్న కొద్దీ చీకటే. పైనుంచి సున్నపురాయి ఊడలు, గబ్బిలాల వాసన, రాళ్ళ మీద ఎర్ర పచ్చ లైట్లు. గోస్తనీ నీళ్ళు ఎన్ని లక్షల ఏళ్ళు తొలిస్తే ఇదంతా అయిందో గైడ్ చెబుతున్నాడు. మేం వచ్చిన రైలు పట్టాలు ఈ గుహ పైనుంచే పోతాయట. ఒకచోట కప్పులో పెద్ద కన్నం, అందులోంచి పగటి వెలుగు పడుతోంది. ఆవు ఒకటి దాంట్లోంచి పడితే వెతుక్కుంటూ వచ్చిన కాపరికి గుహ దొరికిందని అక్కడి వాళ్ళ కథ. పిల్ల తలెత్తి ఆ కన్నం చూసి, చాలా తృప్తిగా, "వచ్చింది" అంది.

అనంతగిరి దగ్గర కాఫీ తోటలో ఎర్రపండు కోసి నోట్లో పెట్టుకుంటే వేలు పెట్టి తీశాను. ఆ తరవాతి మలుపుల్లో పెరుగన్నం మొత్తం నా చొక్కా మీదికి వచ్చింది. డ్రైవరు నిమ్మకాయ ఇచ్చి, "పిల్లలన్నాక తప్పదు సార్" అన్నాడు. తన సీటు కవరు వంక చూసుకుంటూ అన్నాడు.

సోమవారం మళ్ళీ బి షిఫ్టు. మామూలుగా నేను బూట్లు వేసుకుంటుంటేనే ఏడుపు మొదలవుతుంది. అమ్మమ్మ ఎత్తుకుని పెరట్లోకి తీసుకుపోతే, నేను దొంగలా జారుకుంటాను. ఆ రోజు గుమ్మంలో నిలబడి చూసింది. నేను గేటు తీస్తుంటే రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. "నాన్న పోయింది" అంది. ఆగి, వేళ్ళ సందుల్లోంచి ఓసారి చూసి, మళ్ళీ గట్టిగా మూసుకుని, "వొత్తాది" అంది.

పది గంటలకి షిఫ్టు దిగాను. దారిలో ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్. ఇల్లు చేరేసరికి పదకొండున్నర. పడుకుంది.