ఇంటిలోని ఇల్లడ సొమ్ము



గృహమునందలి వస్తువులు రెండు విధములు. మనవి కొన్ని, మనయొద్ద నుంచబడిన పరులవి కొన్ని. పరులు మనలను నమ్మి దాచిన సొమ్మును పెద్దలు ఇల్లడ యనిరి. భరతుడు శ్రీరాముని పాదుకలను సింహాసనమున నిలిపి పదునాలుగేండ్లు రాజ్యమును ఇల్లడగా గాచెనే కాని, తన చేతిలోనున్నది గదా యని దానిని తనదిగా నెంచలేదు. ఉద్యోగమునకై కంపెనీవా రిచ్చిన ల్యాప్‌టాపు నేటి గృహములలోని ఇల్లడ సొమ్ము. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలినది మొదలు ఎందఱో స్త్రీలు ఇంటనుండియే ఉద్యోగము చేయ నారంభించిరి. కచేరి వంటయింటి ప్రక్కకు వచ్చినది. కావున దాని మర్యాదలను తెలిసికొనుట గృహిణుల విధి యైనది.

మా యింట మా చిన్న ఆడుబిడ్డ ఒక కంపెనీకి పనిచేయుచున్నది. మావారు ఉపాధ్యాయులు. అత్తగారు, మేము, ఇరువురు పిల్లలు. అందఱకును వైఫై యొక్కటే. అయిదు ఫోనులు, టీవీ, ప్రింటరు, వీధి గుమ్మముపై కెమెరా, ఆ ల్యాప్‌టాపు దానినే ఆశ్రయించి యున్నవి. గడచిన దసరా సెలవులలో మా పెద్దవాడు "అత్తా! ప్రాజెక్టు వ్రాసికొందును, నీ ల్యాప్‌టాపు ఒక్క గంట యిమ్ము" అని యడిగెను. ఆమె "అది నాది కాదురా నాయనా, ఇయ్యరాదు" అనెను. వాడు మొగము చిన్నబుచ్చుకొనెను. అత్తగారికి కష్టము తోచి, "మేనల్లునికంటె యంత్ర మెక్కువయ్యెనా? నాలుగు రూకలు చేత బడినంతనే నీది నాది యను భేదము వచ్చినదే!" యనిరి. ఆ పిల్ల కన్నీరు దిగమ్రింగుకొని లేచిపోయెను. రెండు దినములు తల్లికిని బిడ్డకును మాటలు లేవు.

ఆమెయందు లోభము లేదు. మొదటి జీతముతో పిల్లలకు బట్టలు కొన్నది ఆమెయే. పిల్లవాడు ఆటకై దింపుకొనిన ఒక చెడు ఫైలు చాలును, కంపెనీ ఖాతాదారుల వివరములు దొంగల పాలగుటకు. అప్పుడు పోవునది ఆమె యుద్యోగము మాత్రమే కాదు, ఆమె యందలి నమ్మకము కూడ.

ఇది ఊఱక భయపెట్టు మాట కాదు. లాస్ట్‌పాస్ యను అమెరికా కంపెనీ, జనుల పాస్‌వర్డులను భద్రపఱచుటయే వృత్తిగా గలది. 2022వ సంవత్సరమున దొంగలు ఆ కంపెనీ ఉద్యోగి యొకరి ఇంటి కంప్యూటరున జొరబడిరి. దృశ్యశ్రవణములకై అందుంచిన ఒక సాఫ్ట్‌వేరులోని లోపమే వారికి ద్వారమైనది. ఆ యుద్యోగి టైపుచేయు ప్రధాన పాస్‌వర్డును వారు పొంచియుండి గ్రహించి, కంపెనీ దాచుకొన్న ఖాతాదారుల సమాచారమును కొనిపోయిరి. వినోదము, ఉద్యోగము ఒక్క యంత్రమున గలసినందున వచ్చిన యనర్థమిది.

మేము అత్తగారితో, "ప్రక్కయింటివారు కాశీకి పోవుచు నగలు మీయొద్ద దాచినచో, వానిని మనుమరాలికి పేరంటమునకు పెట్టి పంపుదురా?" అని యడిగితిమి. వారు కొంతసేపు మాటాడక, "ఎట్లు పంపుదును? అవి మనవా?" యనిరి. ఆ సాయంకాలము తామే కాఫీ గొనిపోయి కూతున కిచ్చిరి. మావారు పాత కంప్యూటరును బాగుచేయించి పిల్లల కిచ్చిరి.

ల్యాప్‌టాపు ఎరు వియ్యకుండుటతో జాగ్రత్త ముగియదు. ఒక్క వైఫైపై నున్న యంత్రములు ఒక్క వీధిలోని యిండ్ల వంటివి; ఒకదాని తలుపు మఱియొకటి తట్టగలదు. 2016వ సంవత్సరమున మిరాయ్ యను దుష్ట సాఫ్ట్‌వేరు, కర్మాగారమున బెట్టిన పాస్‌వర్డులను మార్చని కెమెరాలను, రౌటరులను లక్షలకొలది వశపఱచుకొన్నది. కావున మేము మొదట రౌటరునకును కెమెరాకును పాత పాస్‌వర్డులను మార్చి, వాని సాఫ్ట్‌వేరును క్రొత్తది చేయించితిమి. పిదప రౌటరులోని గెస్టు నెట్‌వర్కును తెఱచి, టీవీని, కెమెరాను, పిల్లల ఫోనును, వచ్చిపోవు బంధువుల ఫోనులను అందు చేర్చితిమి. అది వీధి యరుగు వంటిది. అందున్నవారికి ఇంటర్నెట్టు లభించును. లోపలి గదులు కానరావు. ల్యాప్‌టాపులో మన వైఫైని పబ్లిక్ నెట్‌వర్కుగా గుఱుతించినచో అది ఇతర యంత్రములకు అగపడక మఱింత మఱుగున నుండును. కంపెనీవారి వీపీఎన్ పనిచేయుచుండగా ఇంటి ప్రింటరు పలుకకపోవుట కలదు. అది అనేక తావుల వారు కోరి యేర్పఱచిన కట్టుబాటే కాని ప్రింటరు దోషము కాదు. ల్యాప్‌టాపు వదలి లేచునప్పుడు, అన్నము కలుపుటకే యైనను, తెఱకు తాళము వేయవలెను.

ఈ యెడము మనకును మేలే. కంపెనీవారి యంత్రములో నున్నదానిని వారు చూడగలరు; ఉద్యోగము మానిన దినమున అది వారికి మరలిపోవును. బ్యాంకు కాగితములు, బిడ్డల ఛాయాచిత్రములు, ఇంటి గుట్టు దానిలో నుంచరాదు. పరుల సొమ్ము మన చేత చెడరాదు. మన సొమ్ము పరుల పెట్టెలో జేరరాదు.

మగవాడు "ఇది కచేరి కాగితము, ముట్టవలదు" అన్నచో ఇంటిల్లపాదియు తలయొగ్గును. ఆ మాటనే కూతురో కోడలో అన్నచో గర్వమని చెప్పుకొందురు. ఈ భేదము మనమే మాన్పవలెను. ఉద్యోగము చేయు పిల్ల "ఇయ్యరాదు" అన్నప్పుడు ఆమె పక్షమున నొక్కమాట పలుకుడు. ఇల్లడను గాచు నామె ఇంటిపేరును కూడ గాచుచున్నది.