సంకల్పం – పునరాగమనం: ఏథెన్స్ యాత్రకు ముందొక విచారణ

ఏ శుభకర్మకైనా సంకల్పమే ద్వారం. దేశకాలాలను, గోత్రనామాలను చెప్పుకొని, ఏ ప్రయోజనాన్ని ఉద్దేశించి చేస్తున్నామో పలికిన తరువాతనే కర్మ ఆరంభమవుతుంది. విదేశయానానికి పూర్తిచేసే వీసా దరఖాస్తు కూడా ఇంచుమించు వీటినే అడుగుతుంది. నీవెవరు? ఎక్కడికి? ఏ ప్రయోజనానికి? వీటితోపాటు మరొక ప్రశ్న: తిరుగు ప్రయాణం ఏనాడు?

రాజమహేంద్రవరంలో సంస్కృతోపాధ్యాయులుగా ఉండి విశ్రాంతి పొందిన ఒక పెద్దమనిషి తన డెబ్బది ఒకటవ ఏట ఈ చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయారు. అంతకు ముందటి శ్రావణంలో వారి సహధర్మచారిణి పరమపదించారు. సంతానం ఒక్క కుమార్తె, జర్మనీలో ఉద్యోగం. ప్రథమాబ్దికం ముగిసిన పిమ్మట ఆమె, "నాన్నగారూ, పది రోజులు నాతో గడపండి. మీరు ఎక్కడికంటే అక్కడికి వెళదాం" అని కోరింది. కాశీ అంటారని, లేకపోతే బదరీ అంటారని అనుకున్నది. ఆయన ఏథెన్స్ అన్నారు.

కుమార్తె శ్రద్ధగా ప్రణాళిక రచించింది. గ్రీష్మంలో అక్కడి ఎండ దుస్సహం. ఇటీవలి సంవత్సరాలలో తీవ్రమైన వేడిమి ఉన్న రోజులలో మధ్యాహ్న సమయాన ఆక్రోపోలిస్ కొండను మూసివేస్తున్నారు. కనుక నవంబరు ఉచితం. నవంబరు నుండి మార్చి వరకు ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రవేశం ఉచితమే గాని, ఆనాడు జనసమ్మర్దం ఎక్కువ. మామూలు రోజున ఉదయపు తొలి వేళకు టికెట్టు తీసుకోవడం మేలు. శతాబ్దాల పాదఘర్షణతో పాలరాయి నునుపుతేలి జారుతుంది. పట్టు ఉన్న పాదరక్షలు కావాలి. మెట్లు ఎక్కలేనివారికి లిఫ్టు కూడా ఉన్నది.

ఫోనులో ఆమె ఒక్కొక్కటిగా వివరించింది. క్రీ.పూ. 447లో పార్థెనాన్ నిర్మాణం ఆరంభమైనది. తొమ్మిదేళ్లకు స్వర్ణ దంతమయమైన ఎథీనా దేవి మహామూర్తి అందులో నిలిచింది; ఆ మూర్తి నేడు లేదు. ఆ దేవళమే కాలాంతరంలో చర్చి అయినది, పిదప మసీదు అయినది. 1687లో లోపల నిలువచేసిన తుపాకిమందుపై వెనిస్ సేనల గుండు పడి, మధ్యభాగం బద్దలైనది. కొండ దిగువన ఉన్న మ్యూజియంలో, ఒకప్పుడు ఎరెక్థియాన్ మండపాన్ని శిరస్సుపై మోసిన ఆరుగురు శిలాకన్యలలో అయిదుగురు ఉన్నారు. ఆరవ కన్య లండనులో ఉన్నది; ఆమె స్థానాన్ని ఖాళీగానే ఉంచారు.

తండ్రి అన్నిటికీ "మంచిది" అన్నారు. చివరకు ఒక్కటే అడిగారు: "అమ్మాయీ, అక్కడ ఒక భారతీయుని సమాధి ఉండేది. ఆ తావు చూడగలమా?"

ఆ వృత్తాంతం ప్రాచీన గ్రీకు గ్రంథకర్త స్ట్రాబో నమోదు చేసినది. అగస్టస్ చక్రవర్తి కాలంలో భారతదేశం నుండి ఒక రాయబారం వెళ్లింది. దానితో వెళ్లిన బర్గోసా వాసి ఒకడు ఏథెన్స్ నగరంలో నవ్వుతూ చితిలో ప్రవేశించాడు. బర్గోసా అంటే భరుకచ్ఛం, నేటి భరూచ్. గ్రీకులు అతని పేరును జర్మనోఖెగస్ అని వ్రాసుకున్నారు. అది శ్రమణాచార్య శబ్దానికి వికృతి కావచ్చునని పండితుల ఊహ. ఆ సమాధిని తన కాలంలో కూడా చూపేవారని తరువాతి శతాబ్దపు ప్లూటార్క్ చెప్పాడు. నేడు దాని జాడ లేదు.

కుమార్తె ఆ కథను వెదకి చదివింది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తల్లి పోయిననాటి నుండి తండ్రి ప్రతి మాటకూ "ఇక చాలు" అంటున్నారు. దరఖాస్తులో తిరుగు ప్రయాణ తేదీ ఉండవలసిన చోటును ఖాళీగా వదిలారు. ఇప్పుడు ఈ సమాధి. మరునాడు ఫోనులో ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అడిగింది: "నాన్నగారూ, మీకు తిరిగి రావాలని ఉన్నదా?"

ఆయన వెంటనే సమాధానం చెప్పలేదు. "రేపు మాట్లాడతానమ్మా" అని ఫోను పెట్టివేశారు.

ఆ సాయంకాలం సంధ్యావందనం ముగించి ఆ కథనే మననం చేశారు. కష్టాల నుండి తప్పించుకోవడానికి దేహత్యాగం చేసేవారు కొందరు. ఈ బర్గోసా వాసి మాత్రం, అంతవరకు సర్వమూ అనుకూలంగా జరిగినందున, ఇంకా ఉంటే ప్రతికూలమేదైనా సంభవించగలదని దేహాన్ని విడిచాడని స్ట్రాబో వ్రాశాడు. ఇన్నాళ్లూ ఉపాధ్యాయులు దానిని వైరాగ్యమని భావించారు. ఆ రోజున అందులో వారికి భయం కనిపించింది. రానున్న దుఃఖానికి వెరచి జీవితాన్ని ముగించుకోవడం, గడచిన సుఖాన్ని గట్టిగా పట్టుకోవడమే. అది రాగానికి ఆవలి ముఖం. భయమున్నచోట వైరాగ్యం ఎక్కడిది? తాము నెలల తరబడి అంటున్న "ఇక చాలు" ఎటువంటిదో కూడా వారికి అప్పుడే బోధపడింది. అది తృప్తి పలికిన మాట కాదు, శోకం పలికిన మాట.

అదే నగరంలో, క్రీ.పూ. 399లో, డెబ్బది ఏళ్ల సోక్రటీసుకు మరణదండన విధించారు. అప్పుడు నగరపు పవిత్రనౌక డేలోస్ ద్వీపానికి యాత్ర వెళ్లి ఉన్నది. అది తిరిగి వచ్చేవరకు ఎవరికీ మరణదండన అమలు చేయరాదని అక్కడి నియమం. ఆ కారణంగా ఆయన సుమారు ఒక నెల కారాగారంలో నిరీక్షించాడు. మిత్రులు పారిపొమ్మన్నారు, పోలేదు. మృత్యువును త్వరపెట్టనూ లేదు. ఆ దినాలలో మిత్రులతో తత్త్వవిచారణ చేశాడు. అంతకుముందెన్నడూ కవిత్వం వ్రాయనివాడు ఈసపు కథలను పద్యాలుగా కట్టసాగాడు.

మనుస్మృతి ఆరవ అధ్యాయంలో యతికి విధించిన ధర్మం ఇటువంటిదే: చావును కోరరాదు, బ్రతుకునూ కోరరాదు, కాలానికై వేచి ఉండాలి. ఆ శ్లోకాన్ని ఎందరో విద్యార్థులకు అన్వయించి చెప్పిన ఉపాధ్యాయులకు, అది తమకు అన్వయించిన దినం మాత్రం అదే. వేచి ఉండడమంటే ఊరక కూర్చోవడం కాదు. నౌక తిరిగి వచ్చేదాకా చేతిలో ఉన్న పనిని శ్రద్ధగా చేయడం.

మరునాడు ఆయనే కుమార్తెకు ఫోను చేశారు. "ఆ సమాధి సంగతి వదిలెయ్యి తల్లీ. సోక్రటీసు తిరిగిన అగోరాలో ఒక పూట కూర్చుందాం. కొండమీదికి లిఫ్టు ఉన్నదన్నావు, దాని వివరం కనుక్కో. ఆ ఆరవ కన్యకు ఖాళీగా ఉంచిన చోటును కూడా చూడాలి." కొంత ఆగి, "ధనుర్మాసానికి ముందే నేను ఇక్కడ ఉండాలి. రామాలయంలో తిరుప్పావై వ్యాఖ్యానం క్రిందటి ఏడు ఆగిపోయింది. ఈసారి చెప్పాలి" అన్నారు.

పూజాంతంలో ఉద్వాసన చెప్పేటప్పుడు దేవతను సైతం పునరాగమనం కోరి సాగనంపుతాం. యాత్రకు బయలుదేరే సాధకుడు తన విషయంలోనూ ఆ ప్రార్థన మరువరాదు. తిరిగి వచ్చి చేయవలసిన పని ఏమిటో తెలిసిన తరువాతనే యాత్రాసంకల్పం పూర్ణమవుతుంది.

దరఖాస్తులో ఖాళీగా ఉన్న చోట ఆయన స్వహస్తాలతో తేదీ వేశారు: నవంబరు 28.

స్వస్తి.