ముందుపాట ఎత్తాలంటే...

పదిమంది చేత ఒక్కటిగా పాడించే విద్యను ఎలా నేర్చుకుంటారు? ఆ సంగతేమిటో చూద్దామని హాలహర్వి దాకా వెళ్తే...

‘‘ఒక్క పాట ఎత్తి సూడు సారూ’’ అన్నాడు భజన తాత.

చుట్టూ పద్నాలుగు మంది. చేతుల్లో చెక్కలు, కాళ్లకు గజ్జెలు. నాకు తెలిసిన రామభజనే. చిన్నప్పుడు మా ఊరి గుళ్లో వంత పాడిన పాటే. ఇందులో ఏముందిలే అని పల్లవి ఎత్తుకున్నా. బాగానే సాగింది. వంతవాళ్లు అందుకున్నారు. చరణంలో మొదటి పాదం దాటి రెండో పాదం పైకెక్కేసరికి నా గొంతు పుటుక్కున తెగింది. వెనక వరుసలో ఒకాయన దగ్గాడు. ఒకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెక్కలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

‘‘పల్లవి సూసి శృతి పెట్టుకుంటివి. చరణం సూసి పెట్టుకోవల్ల’’ అన్నాడు తాత, ఏమాత్రం నవ్వకుండా. పాట ఎక్కడ మొదలవుతుందని కాదు, ఎక్కడిదాకా ఎక్కుతుందని ముందు చూసుకోవాలట. అందుకే ఆయన కొత్త పాట చేతికొస్తే మొదటి పాదం పాడడు. అన్నిటికన్నా పైన పలికే ముక్క ఏదో వెతికి, దాన్ని నోట్లోనే అనుకుని, అది తన గొంతుకు కాదు... వంతలో అందరికన్నా బక్క గొంతుకు అందుతుందా లేదా అని చూసుకుని, అప్పుడు హార్మోనియం వాయించే మనిషి వైపు వేలు చూపిస్తాడు.

అది నాకు మొదటి పాఠం. దాన్ని నేర్చుకోవడానికి పద్నాలుగు మంది ముందు పరువు పోవలసి వచ్చింది.

ఆదోనిలో మొదలైన కథ

డిసెంబరు మొదటి వారం. ఆదోనిలో ఒక చర్చి ముందు నుంచి వెళ్తుంటే లోపల క్రిస్మస్ పాటల సాధన వినిపించింది. తొంగిచూస్తే పాతికమంది దాకా పాడుతున్నారు. ఎదురుగా ఓ కుర్రాడు చేతులు ఊపుతున్నాడు. కండక్టర్ అంటే మనకు బస్సు కండక్టరే గుర్తొస్తాడుగానీ, ఇలా పాడించేవాణ్నీ ఆ పేరుతోనే పిలుస్తారు. అతని కుడిచెయ్యి కిందికి, లోపలికి, బయటికి, పైకి... ఇది నాలుగు దెబ్బల లెక్క. మూడు దెబ్బల పాటయితే కిందికి, బయటికి, పైకి. ఎడమచెయ్యి పనేమీ లేనట్టు పక్కనే ఉంటుంది. ఉన్నట్టుండి లేచి అరచేతిని మెల్లగా కిందికి దించితే పాతిక గొంతులూ తగ్గుతాయి.

‘ఎక్కడ నేర్చుకున్నావు తమ్ముడూ?’ అని అడిగా.

‘‘చేతులు ఊపేది ఫోన్లో చూసి నేర్చుకున్నా సార్. పాడించేది మాత్రం మా ఊరి దగ్గర భజన తాత నేర్పించినాడు.’’

ఊరెక్కడంటే హాలహర్వి మండలమన్నాడు.

క్రిస్మస్ పాటలకు రామభజన గురువా అని ఆశ్చర్యపోకండి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే కీర్తనల నెత్తిన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటివారు కర్ణాటక సంగీత బాణీలోనే వాటిని కట్టారు మరి. ‘‘ఆదితాళం అని చదివేది వచ్చు, వేసేది రాదు నాకు. తాత నెల రోజులు వేయించినాడు’’ అన్నాడా కుర్రాడు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది లెక్కలు. అవి ఒంట్లోకి ఇంకాక నాలుగు దెబ్బల చెయ్యి ఊపడం పెద్ద కష్టం కాలేదట.

ఆ తాతను చూడాలనిపించింది. మర్నాడే బయల్దేరా.

ఆదోని నుంచి ఆలూరు, అక్కణ్నుంచి బళ్లారి రోడ్డు. దారి పొడుగునా నల్లరేగడి. పత్తి ఏరేసిన చేలల్లో కట్టె మాత్రమే నిలబడి ఉంది. ఇంకాస్త ముందుకెళ్తే కర్ణాటక. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోవే. బళ్లారి అటు, ఇవి ఇటు అయ్యాయిగానీ మాట మాత్రం విడిపోలేదు. టీకొట్టు దగ్గర తెలుగులో మొదలైన కబురు కన్నడంలో ముగుస్తుంది. ఊరి పేరే చూడండి. కన్నడంలో ‘హాలు’ అంటే పాలు, ‘హరవి’ అంటే కుండ.

భజనలూ అంతే. భద్రాచల రామదాసు కీర్తన అయీ అవకముందే పురందరదాసు పదం అందుకుంటారు. ఈ దాపుల్లోని చిప్పగిరిలోనే హరిదాసుల్లో పెద్దవాడైన విజయదాసు 1755లో కన్నుమూశాడు. తంబూర మీటుతూ, గజ్జె కట్టి, వెనక పదిమందిని కలుపుకుని పాడటం ఈ నేలకు కొత్త కాదు.

చెవి, ఆ తర్వాతే నోరు

రాత్రి ఎనిమిదింటికి, బువ్వలు తిన్నాక, ఆంజనేయస్వామి గుడి ముందు బండల మీద చేరతారు. తాతకు డెబ్బై దాటాయి. మూడెకరాల మెట్ట, రెండో తరగతి చదువు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఎమ్మిగనూరు వైపు నుంచి ఒక గురువును పిలిపించి ఊళ్లో పెట్టుకున్నారట. ఇంటింటికీ చందా వేసి ఆయనకు జొన్నలు, బట్టలు ఇచ్చారు. మూడు నెలలు రాత్రిళ్లు నేర్పించి, చివర్న గజ్జెపూజ చేయించి వెళ్లాడా గురువు.

‘‘మొదటి పదైదు దినాలు నన్ను పాడనీలేదప్పా. తాళం సేతికిచ్చి ఊరకే వినమన్నాడు. ఎవురు ముందు పోతాండారు, ఎవురు ఎనకబడినారు, ఎవురు నోరు మెదిపి నటించాండారు... రోజూ ఇండ్లకు పోయేటప్పుడు అడిగేటోడు.’’

ముందుపాట పాడేవాడికి గొంతు బాగుండాలి అనుకుంటాం. ఈయన గొంతు, నిజం చెప్పాలంటే, గొప్పదేం కాదు. కాస్త బొంగురు. వంతలో అంతకంటే మంచి గొంతులు మూడున్నాయి. కానీ పాట నడుస్తుండగా ఆయన తల చిన్నగా అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, కోడిలా. ఎక్కడో చెక్క ఒక్క మాత్ర ఆలస్యమైతే కళ్లు అక్కడికి పోతాయి.

రెండో పాఠం ఊపిరి. పాట ఎత్తే ముందు గడ్డం కాస్త పైకెత్తి, వినపడేలా గాలి పీలుస్తాడు. ఆ పీల్చిన వేగమే పాట వేగం. పద్నాలుగు మందీ తెలియకుండానే అదే వేగంతో పీలుస్తారు, ఒక్కసారే అందుకుంటారు. పాశ్చాత్య సంగీతంలో కండక్టర్లకు మొట్టమొదట నేర్పేదీ ఇదే. దెబ్బకు ముందు, పాట ఇంకా మొదలుకాక ముందే చెయ్యి లేపి ఇచ్చే సైగ. అది సరిగ్గా ఇవ్వలేనివాడు ఆ తర్వాత ఎన్ని ఊపులు ఊపినా లాభం లేదంటారు. తాతకు ఈ సంగతి చెబితే, ‘‘మరి గాలి పీల్చకుండా యాడ పాడతారు?’’ అన్నాడు, నన్ను జాలిగా చూసి.

ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలన్నది ఇంకో విద్య. మనమైతే గట్టిగా పాడేవాళ్లను ముందు పెడతాం. ఆయన వెనక పెడతాడు. బక్క గొంతుల చెవుల్లో వాళ్ల పాట పడుతూ ఉండాలని. శృతి తప్పే మనిషిని ఇద్దరు మంచి పాటగాళ్ల నడుమ ఇరికిస్తాడు. ఆ మాట మాత్రం అతనికి చెప్పడు. అలా ఎనిమిదేళ్లుగా ఇద్దరి మధ్య నిలబడి పాడుతున్న ఒకాయనకు ఈ రోజుకీ కారణం తెలీదు. ఇక్కడా ఆయన ఆనవాలు చెప్పను!

ఆడా మగా కలిసి పాడితే శృతితో పెద్ద చిక్కు. మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర హాయి. ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర. అదే పాట ఒకరికి నూతిలో మాట్లాడినట్టుంటే ఇంకొకరికి అటక ఎక్కినట్టుంటుంది. చర్చి కుర్రాడి దగ్గర దీనికి మందుంది. నాలుగు రకాల గొంతులకు నాలుగు వరసలు వేరువేరుగా రాసి ఉంటాయి. తాత దగ్గర అది లేదు. అందుకని చరణాలు పంచుతాడు. పైకెక్కే పాదం ఆడవాళ్లకు, కిందికి దిగేది మగవాళ్లకు. పల్లవి దగ్గర అందరూ కలుస్తారు.

ఇక వేగం. చెక్క భజనకు పరుగెత్తే గుణం ఉంది. అడుగు పడేకొద్దీ ఒంట్లో వేడి పుట్టి అందరూ ముందుకు తోస్తారు. తాత అరవడు. డోలక్ వాయించే అతని పక్కకు నడుచుకుంటూ వెళ్లి, అతని కాలి దగ్గర తన కాలితో దెబ్బ వేస్తాడు. రెండు ఆవృతాల్లో డోలక్ దారికొస్తుంది, దాని వెనక మిగతావాళ్లు. ఈ కాలి దెబ్బ చూస్తుంటే నాకు ఫ్రెంచి రాజు దర్బారులో ఉన్న లుల్లీ గుర్తొచ్చాడు. ఆ రోజుల్లో పొడవాటి కర్రతో నేలను కొట్టి తాళం చూపించేవారు. 1687లో ఆయన అలా కొడుతూ పొరపాటున తన కాలిమీదే కొట్టుకున్నాడు. పుండు ముదిరి, ఆ ఏడాదే ప్రాణం పోయింది. తాతకు ఈ కథ చెప్పా. చాలాసేపు నవ్వాడు. తర్వాత, ‘‘పాట ఆగిపోయిందా మరి?’’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మన దగ్గరా ఈ విద్యకు పెద్దలు లేకపోలేదు. చిత్తూరులో పుట్టిన ఎం.బి.శ్రీనివాసన్ మలయాళ సినిమాలకు సంగీత దర్శకుడిగా ఎంత పేరు తెచ్చుకున్నాడో, 1970ల తొలినాళ్లలో మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి భారతీయ భాషల పాటల్ని బృందగానంగా పాడించి అంత పేరు తెచ్చుకున్నాడు. 2008 మే 10న సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో అన్నమయ్య సంకీర్తనల లక్ష గళార్చనకు లక్షమందికి పైగా గొంతు కలిపారు. ఆ వేదిక మీద మైకులున్నాయి. హాలహర్వి గుడి ముందు ఒక ట్యూబ్‌లైటు ఉంది, అదీ మినుకు మినుకుమంటూ.

పద్నాలుగు మందిలో ఆరుగురు

సాధన ముగిశాక ఒకావిడ తాత దగ్గరికొచ్చి నిలబడింది. వంతలో అందరికన్నా గట్టి గొంతు ఆమెదే. తాత తర్వాత ముందుపాట ఎత్తగలిగిందీ ఆమే.

‘‘సోమారం బండి మామా’’ అంది.

తాత తలూపాడు. అంతే.

బండి అంటే గుంటూరు బండి. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఖరీఫ్ పంట చేతికొచ్చాక పని ఉండదు. పిల్లాజెల్లాతో మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు, లేదంటే బేల్దారి పనులకు బెంగళూరు. తిరిగొచ్చేది ఉగాదికి. సరిగ్గా అదే వేళ ఇక్కడ ధనుర్మాసం. తెల్లవారుజామున ఊరంతా తిరిగి భజన చేయవలసిన నెల. ఈసారి పద్నాలుగు మందిలో ఆరుగురు పోతున్నారు. ఏటా ఉండే గొడవే అంటారు ఊళ్లో. కానీ ఏటా పోయేది వంతవాళ్లు. ముందుపాట మనిషి పోవడం ఇదే మొదలు. తాతకు చలికాలం ఆయాసం. నాలుగు వీధులు నడుస్తూ పాడలేడు.

అందుకే నెల నుంచీ ఒక అమ్మాయికి నేర్పుతున్నాడు. ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం. మార్చిలో పరీక్షలు కాబట్టి అమ్మానాన్నలు వలస పోయినా తాను అవ్వ దగ్గర ఉండిపోతుంది. గొంతుంది, తాళముంది. మరి చిక్కెక్కడ?

‘‘పెద్దోళ్లకు చెయ్యి సూపించాలంటే నాకు సిగ్గు సార్’’ అంది తలొంచుకుని.

సంగీతం పుస్తకాల్లో ఈ చిక్కు గురించి చదివిన గుర్తు లేదు. వంతలో ఆమెకు మామలూ, పెదనాన్నలూ వరసయ్యేవాళ్లున్నారు. అరవై ఏళ్ల మనిషికి ‘ఆపు’ అని చెయ్యెత్తి చూపడం ఎలా? చూపకపోతే పాట ఒకరి వెనక ఒకరు ఎప్పుడో ఆపుతారు, తోక తెగిన బల్లిలాగా. మూడు రోజులు అలాగే అయిందట. నాలుగో రోజు తాత ఆమె చేతికి తన తాళాలు ఇచ్చాడు. ఆపాలనుకున్నప్పుడు చెయ్యి చూపించొద్దు, తాళాలు గడ్డం దాకా ఎత్తి అక్కడే నిలిపెయ్. వాళ్లు నిన్ను కాదు, తాళాన్ని చూస్తారు. తాళానికి చిన్నా పెద్దా లేదు కదా.

నేను చూస్తుండగానే చేసి చూపించింది. తాళాలు గడ్డం దగ్గర ఆగాయి. పద్నాలుగు జతల చెక్కలు ఒక్క దెబ్బతో నిలిచిపోయాయి. కుక్క ఒకటి మొరిగింది. ఆ అమ్మాయి ముఖం చూడాలి!

బండి కదిలేముందు

సోమవారం దాకా ఆగుదామనిపించింది. ఆఫీసుకు ఏదో చెప్పుకున్నా.

తెల్లవారుజాము నాలుగున్నర. చలి. ధనుర్మాసం ఇంకా రాలేదుగానీ, పోయేవాళ్లు ఉండగానే ఒకసారి ఊరు తిరిగి వద్దామని తాతే అన్నాడు. అమ్మాయి ముందు, చేతిలో తాళాలు. తాత తలకు మఫ్లరు చుట్టుకుని అందరికన్నా వెనక, పాడకుండా, ఊరికే నడుస్తున్నాడు. మొదటి వీధిలో పాట కాస్త పరుగెత్తింది. ఆమె వెనక్కి తిరగలేదు. అడుగు గట్టిగా వేసింది. గజ్జె దెబ్బ విని డోలక్ తగ్గింది. తాత నా భుజం మీద చెయ్యి వేశాడు, ఏమీ అనలేదు.

మూడో వీధి మలుపులో గుంటూరు బండి నిలబడి ఉంది. బియ్యం మూటలు, వంటపాత్రలు, దుప్పట్లు, నిద్రమత్తులో పిల్లలు. గట్టిగొంతావిడ భజనలోంచి తప్పుకుని, చెక్కలు తాత చేతికిచ్చి బండెక్కింది. ఆమె తప్పుకున్న చోట పాట ఒక్కసారిగా పలచబడింది. అమ్మాయి ఒక్క క్షణం తడబడి, మళ్లీ గాలి పీల్చింది. ఆ పీల్చడం నాకూ వినిపించింది. చరణం మొదలుపెట్టకుండా పల్లవికే తిరిగొచ్చింది, అందరికీ నోటికొచ్చిన చోటుకు. ఎనిమిది మంది అందుకున్నారు. బండి మీది నుంచి ఇంకో గొంతు కలిసింది. తర్వాత ఇంకొకటి.

ఇంతలో డ్రైవరు హారన్ కొట్టాడు.

‘‘వీనికి తాళం ల్యాదు’’ అని విసుక్కున్నాడు తాత.