వీసాకి పేరిచ్చిన పల్లె

పొద్దున లక్సెంబర్గ్‌లో టిఫిన్, మధ్యాహ్నం జర్మనీలో భోజనం, సాయంత్రం ఫ్రాన్స్‌లో కాఫీ... అదీ పిల్లాపాపలతో నడుచుకుంటూ వెళ్లి! షెంజెన్‌లో దిగితే ఇది సాధ్యమే. ఐరోపా వీసా మీద కనిపించే ఆ పేరు నిజానికి లక్సెంబర్గ్‌లోని ఓ పల్లెది. మోజెల్ నది ఒడ్డున, ద్రాక్షతోటల మధ్య ఉంటుంది. వంతెన దాటితే జర్మనీ, ఇంకాస్త నడిస్తే ఫ్రాన్స్.

సరిహద్దుల్లో తనిఖీలు ఎత్తేద్దామని 1985 జూన్ 14న ఐదు దేశాలు సంతకాలు చేసిందిక్కడే. అదీ నదిలో నిలిపిన 'ప్రిన్సెస్ మారీ ఆస్ట్రిడ్' అనే నౌకలో! 2025లో ఆ నౌకని మళ్లీ ఊరికి తెచ్చారు, ఎక్కి చూడొచ్చు. ఆనాటి ఐదు దేశాలూ ఇప్పుడు 29 అయ్యాయి. అన్నిటికీ ఒకే వీసా. ఎక్కువ రోజులు ఎక్కడుంటారో ఆ దేశానికే దరఖాస్తు చేసుకోవాలి.

లక్సెంబర్గ్‌లో బస్సులూ ట్రామ్‌లూ రైళ్లూ 2020 నుంచీ ఉచితం, మొదటి తరగతి తప్ప. నలుగురున్న కుటుంబానికి ఎంత ఆదా!

చిత్రమేంటంటే, 2024 సెప్టెంబరులో జర్మనీ ఈ వైపు కూడా తనిఖీలు మొదలుపెట్టింది. ఒప్పందం పుట్టిన చోటే! అందుకే వంతెన అవతలికి షికారుగా వెళ్తున్నా సరే, పిల్లలవి సహా పాస్‌పోర్టులన్నీ సంచిలో ఉండాల్సిందే.