ముందుమాట వెనకొస్తే

మొన్న కార్తికంలో ఒక రాత్రి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ ఉండగా ఫోన్ మోగింది. మా ఇంటివాళ్ల గ్రూపులో గుంటూరు నుంచి మరదలి కబురు: "భయం లేదు బావగారూ! అత్తయ్యగారిని ఇంటికి తీసుకొచ్చాం."

ఎక్కణ్ణించి తీసుకొచ్చారో, భయమెందుకో బోధపడలేదు. గుడికి వెళ్లి ఉంటారనుకుని ఊరుకున్నాను. పది నిమిషాలకు తమ్ముడి కబురు: "అన్నయ్యా, అమ్మ పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం."

అంటే ఇంటికి తెచ్చాక పడిపోయిందన్నమాట! ఫోన్ చేస్తే ఎవరూ పలకరు. పిడుగురాళ్లలో దొరికిన బస్సు ఎక్కాను. సత్తెనపల్లి దాటేలోగా ఎంతమంది దేవుళ్లకు మొక్కుకున్నానో నాకే తెలియదు. తీరా వెళ్లి చూద్దును గదా, అమ్మ మంచం మీద కూచుని మజ్జిగ తాగుతోంది! "ఈ వేళప్పుడు ఎందుకొచ్చావురా?" అని నన్నే కోప్పడింది.

జరిగిందేమిటంటే, తమ్ముడి కబురే ముందు బయల్దేరింది. అది చూసుకునే మరదలు రాసింది. ఆమె మాట ముందు చేరి, అసలు మాట దారిలో చిక్కుకుంది.

తమ్ముడి కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాణ్ణి నిలదీశాను.

"కబురు మీద వేళ వేసి పంపితే చాలదుట్రా?"

"చాలదు పెదనాన్నా. ఏ రెండు యంత్రాల గడియారాలూ అచ్చంగా ఒక్కలా నడవవు."

1978లో లెస్లీ లాంపోర్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త గడియారాన్ని పక్కన పెట్టి అంకెలు పట్టుకున్నాడట. ప్రతి యంత్రమూ పని పనికీ తన అంకెను పెంచుకుంటుంది. పంపే కబురు మీద ఆ అంకె వేస్తుంది. అందుకున్న యంత్రం తన అంకెను అంతకంటే పెద్దది చేసుకుంటుంది. కనక జవాబు అంకె ఎప్పుడూ ప్రశ్న అంకెను మించే ఉంటుంది. తర్వాతివాళ్లు ఇంకో అడుగు వేశారు. ఏ కబురు చూశాక ఈ జవాబు పుట్టిందో దానిమీదే గుర్తు వేస్తే, ఆ మొదటిది చేరేదాకా జవాబును గుమ్మంలోనే నిలబెట్టవచ్చు.

వింటూంటే నవ్వొచ్చింది. ఇది మన క్త్వార్థకమే గదా! "వండి వడ్డించింది" అంటాం. ఏ గంటకు వండిందో, ఏ గంటకు వడ్డించిందో ఆ క్రియ చెప్పదు. వండటం ముందు అని మాత్రం చెబుతుంది. అన్నం తినేవాడికి అది చాలు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాను: కబురు ఏదైనా, ముందు జరిగింది ముందు చెప్పాలి. నిన్న రాత్రి మరదలు రాసింది: "అత్తయ్యగారు భోంచేసి, మందుబిళ్ల వేసుకుని, మిమ్మల్ని తలుచుకుని పడుకున్నారు."

అది చదివి నేనూ పడుకున్నాను.