బండి పరిగెత్తడం సరే, ఆగడం సంగతేంటి?

పాత బండికి కొత్త కళ తేవాలంటే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది చక్రాలు. బంజారా హిల్స్‌లో సాయంత్రం ఓ అరగంట నిలబడి చూడండి, ధగధగలాడే అల్లాయ్ చక్రాలతో పాత బొలెరోలు, స్కార్పియోలు ఎన్ని పోతాయో. ఆ చక్రం వెనకున్న బ్రేక్ డిస్కు ఎలా ఉందో మాత్రం ఎవరూ అడగరు.

ఈ సోదంతా ఎందుకంటే, మా బాబాయికి అమీర్‌పేటలో కేటరింగ్ వ్యాపారం. 2009 నాటి బొలెరో క్యాంపర్ ఉంది. ముందు వంటవాళ్ళు, వెనక గుండిగలు, గ్యాస్ సిలిండర్లు. బంజారా హిల్స్ నుంచి పంజాగుట్ట వైపు దిగేటప్పుడు బ్రేక్ పెడల్ కాలికింద వణకడం మొదలైంది. బాబాయి కొడుకు గోల వేరు: "అన్నయ్యా, ఈ ఇనప రిమ్ములేంటి, పాలవ్యానులాగా! అల్లాయ్స్, 235 టైర్లు వేయిద్దాం, నాన్నకి నువ్వు చెప్పు."

సాఫ్ట్‌వేర్ వాడికి బ్రేకులేం తెలుసంటారా? కూడికలు, తీసివేతలు వచ్చు కదా! ఆ బండికి 215/75 ఆర్ 15 టైర్లు. వ్యాసం దాదాపు 703 మిల్లీమీటర్లు. 235/75 అయితే 733. అంటే మీటరు 60 చూపిస్తుంటే బండి 62 దాటి పోతుంటుంది. పైగా పెడల్ అంతే గట్టిగా తొక్కినా, రోడ్డు మీద ఆపే బలం సుమారు 4 శాతం తగ్గుతుంది. టైరు బరువు పెరిగితే అదింకో భారం. బ్యాకెండ్ కుప్పకూలుతుంటే స్క్రీన్లకి రంగులు మార్చే ప్రాజెక్టులు మనం చూడలేదా? ఇదీ అంతే.

వణుకుకి సాధారణ కారణం డిస్కు మందం అన్నిచోట్లా ఒకేలా లేకపోవడం. డిస్కుకి కనీస మందం ఎంతో మామూలుగా దానిమీదే అచ్చు వేసి ఉంటుంది. అంతకన్నా అరిగితే లేత్ మీద పట్టించినా లాభం లేదు, మార్చాల్సిందే. అదీ రెండు వైపులా ఒకేసారి, కొత్త ప్యాడ్లతో సహా. లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది.

బాబాయి డిస్కులకే ఓటేశారు. రాణిగంజ్ వెళ్ళి తెచ్చాం. మెకానిక్ దగ్గర నేను పట్టుబట్టి చేయించినవి ఇవి: హబ్ మీద తుప్పు వైరు బ్రష్షుతో పూర్తిగా గీకించడం (సన్నటి తుప్పు పొర ఉన్నా కొత్త డిస్కు వంకరగా తిరుగుతుంది), కొత్త డిస్కు మీది నూనె శుభ్రంగా తుడవడం, చక్రం నట్లు ఎదురెదురుగా టార్క్ రెంచితో బిగించడం, పాత బ్రేక్ ఆయిల్ మార్చడం. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. డిస్కులు వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరైతే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. వంద కిలోమీటర్ల తర్వాత నట్లు మళ్ళీ చూడాలి. ప్యాడ్లు కుదురుకునేదాకా సడన్ బ్రేకులు వద్దు.

మావాడు ఇంకా అలిగే ఉన్నాడు. అలగనీండి. అల్లాయ్స్ వద్దని కాదు నా వాదన. బోల్టుల కొలత, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్, మోయగల బరువు, నట్ల కూర్పు సరిపోతే వేసుకోవచ్చు. కానీ వరస అది కాదు. అర్ధరాత్రి పని ముగించుకుని కునికిపాట్లు పడుతూ కూర్చున్న వంటవాళ్ళకి చక్రం మెరుపు అక్కర్లేదు, ఎర్రలైటు దగ్గర బండి ఆగితే చాలు.

మీ పాత బండి డిస్కులు ఆఖరిసారి ఎప్పుడు కొలిపించారు?