గాలానికి చిక్కిన బాల్యం

ద్రాక్షారామం అనగానే ఎవరికైనా భీమేశ్వరుడే గుర్తొస్తాడు. రెండంతస్తుల గర్భగుడిలో పైదాకా లేచిన లింగం, మాణిక్యాంబ అమ్మవారి శక్తిపీఠం, సప్తగోదావరి పుష్కరిణి... కార్తీకమాసం వచ్చిందంటే పంచారామాల బస్సులు బారులు తీరతాయి. జనం దిగుతారు, దణ్ణం పెట్టుకుంటారు, సామర్లకోట వైపో పాలకొల్లు వైపో వెళ్ళిపోతారు. బస్సు కిటికీలోంచి కనిపించే పంట కాలువనీ, దాన్నుంచి చీలి చేలల్లోకి జారుకునే బోదెనీ పట్టించుకునేవాళ్ళు తక్కువ.

అయితే ఈ ఊళ్ళోనో, చుట్టుపక్కల పల్లెల్లోనో పుట్టి పెరిగి ఇప్పుడు యాభయ్యో అరవయ్యో దాటినవాళ్ళని ఓసారి కదిపి చూడండి. హైదరాబాదులో స్థిరపడినవాళ్ళు కానీ, అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్నవాళ్ళు కానీ... గుడి గురించి రెండు మాటలు చెప్పి, బోదెలో పట్టిన మట్టగిడసల గురించి రెండు గంటలు చెబుతారు. చేప ఎంత పొడవుందో చేతులు చాపి మరీ చూపిస్తారు. ఆ చేతుల మధ్య దూరం ఏటేటా కాస్త పెరుగుతూ ఉంటుందనుకోండి, అది వేరే సంగతి!

బోదె అంటే ఏమిటో గోదావరి జిల్లాలవాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్పుకోవాలంటే- ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి పెద్ద కాలువలు బయల్దేరతాయి. వాటి నుంచి పంట కాలువలు. వాటికి తూములు. తూము కింద నుంచి చేలకి నీళ్ళు మోసుకెళ్ళే పిల్లకాలువే బోదె. చాలాచోట్ల మోకాటి లోతే ఉంటుంది. కుర్రాళ్ళు ఒక్క గెంతులో దాటేస్తారు. చేలో ఎక్కువైన నీళ్ళు దిగువన ఉండే మురుగు కోడులోకి పోతాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు డెల్టాలో ఈ అల్లిక మొదలైంది. ఇంజనీర్లు ఎకరాలు లెక్కేసుకున్నారు. ఆ నీళ్ళతోపాటు వచ్చే చేపల లెక్క మాత్రం పిల్లలే చూసుకున్నారు.

గట్టు మీద బడి

సరంజామాకి పెద్ద ఖర్చేం లేదు. ఓ సన్నటి వెదురు కర్ర, రెండు బారల నైలాన్ తాడు, సంతలో కొన్న గాలపు ముల్లు, తాడుకి కట్టడానికి జీలుగ బెండు. బెండు లేకపోతే నెమలీక కాడ. పశువుల పాక వెనక పెంటకుప్ప దగ్గర తడి మట్టి తవ్వితే వానపాములు కావలసినన్ని. వాటిని కాస్త మట్టితో సహా కొబ్బరిచిప్పలో వేసుకుని బయల్దేరడమే. గాలపు ముల్లు ఒక్కటే డబ్బు పెట్టి కొన్న వస్తువు కాబట్టి దానికే విలువ. ముల్లు తూటికాడ వేళ్ళకి చిక్కుకుందంటే, పాములున్నాయన్న భయం కూడా మర్చిపోయి నీళ్ళలోకి దిగేవాళ్ళు.

గట్టు మీద నేర్చుకునే మొదటి పాఠం నోరు మూసుకోవడం. రెండోది నీడ. ‘‘ఒరేయ్, నీ నీడ నీళ్ళ మీద పడుతోంది, అవతలికి జరుగు’’ అని అన్నలు గదిమేవాళ్ళు. మూడోది బెండు భాష. బెండు టకటకా వణికితే పరిగెపిల్లలు ఎర కొరుకుతున్నట్టు, అప్పుడు లాగితే ఖాళీ ముల్లే పైకొస్తుంది. ఒక్కసారిగా బుడుంగున మునిగితే జెల్ల. తాపీగా పక్కకి ఈడ్చుకుపోతే మట్టగిడస. అసలు కదలక మెదలక ఉండి, తీరా చూస్తే ఎర మాయమైపోతే... అది పీత పని. ఈ పాఠాలేవీ ఏ వాచకంలోనూ లేవు కానీ, లెక్కల్లో బొటాబొటి మార్కులు వచ్చినవాడు కూడా ఇందులో నూటికి నూరు తెచ్చుకునేవాడు.

ముల్లు నుంచి తియ్యడం ఇంకో విద్య. జెల్లకీ ఇంగిలాయికీ మొప్పల వెనక ముళ్ళుంటాయి. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా చెయ్యి సలుపుతూనే ఉంటుంది. ఒకసారి గుచ్చుకున్నవాడు జన్మలో దాని తల వైపు వేలు పెట్టడు. పట్టినవాటిని కొబ్బరి ఈనెకి మొప్పల్లోంచి గుచ్చి నీళ్ళలోనే వేలాడదీసేవాళ్ళు. ఇంటికెళ్ళేటప్పుడు ఆ ఈనెని ఊళ్ళో నలుగురూ చూసేలా పట్టుకుని, కాస్త చుట్టుదారిలో నడవడం కూడా ఆ సరదాలో భాగమే.

చేపలు తినని ఇళ్ళ పిల్లలు కూడా గట్టు మీద ఉండేవాళ్ళు మరి! పట్టింది స్నేహితుడికి ఇచ్చేసి, కాలువలో ఓ మునక వేసి, ఏమీ ఎరగనట్టు ఇంటికెళ్ళేవాళ్ళు. వాసన ఎంత కడిగినా చేతుల్ని వదలదన్న సంగతి అమ్మలకి తెలియదనుకునేవాళ్ళు పాపం.

ఎర్రపిల్లలు, వాటి తల్లి

అన్నిటిలోకీ కొరమేను కథ వేరు. బోదెలో అది మహారాజు. తెలంగాణ ప్రభుత్వం 2016లో దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది కానీ, డెల్టా పిల్లలు ఆ గౌరవం ఎప్పుడో ఇచ్చేశారు. వానపాముకి అది లొంగదు. ముల్లుకి చిన్న కప్పని గుచ్చి, కలుపు మొక్కల మధ్య నీళ్ళ మీద టపటపా ఆడించాలి. దాని కోసం ఓపిగ్గా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నవాళ్ళున్నారు.

తొలకరి తర్వాత నీళ్ళ మీద ఒక్కోసారి ఎర్రటి మచ్చ కనిపిస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే వందల కొద్దీ సన్నటి ఎర్రపిల్లలు, ఒకే ముద్దగా తిరుగుతుంటాయి. అవి కొరమేను పిల్లలు. కింద తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. ఆ గుంపు దగ్గర ఏది కదిలినా మీద పడి కొరుకుతాయి. ఆకలి లేకపోయినా సరే. అందుకే ఆ సమయంలో కొరమేనుని పట్టడం అన్నిటికన్నా సులువు. గాలం వేసిన రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

తర్వాత ఏమవుతుందో కూడా పిల్లలకి తెలుసు. కాపలా పోయిన గుంపు మర్నాటికి సగమవుతుంది. నీటికోళ్ళూ కొంగలూ జెల్లలూ మిగిలినవాటి పని పడతాయి. ఆ ఎర్రమచ్చ కనపడకుండా పోయిన చోటుని చూసి మనసు చివుక్కుమన్నవాళ్ళు కొందరుంటే, మూడు కేజీల కొరమేను గొప్ప ముందు అదేం గుర్తురానివాళ్ళు కొందరు. అంత పిన్న వయసులో అలాంటి నిర్ణయం మరే ఆటలోనూ ఎదురయ్యేది కాదు. ఎవరూ చూడరు, ఎవరూ శిక్షించరు. గాలం వేయాలా వద్దా అన్నది వాడికీ బోదెకీ మధ్య సంగతి.

కాలువ కట్టేసిన రోజులు

ఇదంతా నీళ్ళున్నప్పటి మాట. దాళ్వా పంట చేతికొచ్చాక, వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. ‘కాలువ కట్టేశారు’ అన్న మాట పెద్దవాళ్ళకి తాగునీటి కబురు, పిల్లలకి పండగ కబురు. బడికి సెలవులు కూడా అప్పుడే కదా! బోదె ఎండిపోయి అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. ఆ మడుగుకి రెండు వైపులా మట్టికట్ట వేసి, బాల్చీలతో తట్టలతో నీళ్ళు తోడేస్తారు. గంట, రెండు గంటలు. నడుం విరిగిపోతుంది. చివరికి బురద మిగులుతుంది, ఆ బురద కదలడం మొదలెడుతుంది!

మట్టగిడస, కొరమేను, మార్పు, ఇంగిలాయి, గొరక- ఇవన్నీ పైకొచ్చి గాలి పీల్చుకోగల చేపలు. నీళ్ళు ఇంకిపోయినా తడి బురదలో దాక్కుని రోజుల తరబడి బతుకుతాయి. గొరక అయితే మొప్పల అంచులు నేలకి ఆనించుకుంటూ గట్టు కూడా ఎక్కేస్తుంది. వేసవిలో కాలువ ఆగినా డెల్టా బోదెల్లో చేప జాతి నశించకపోవడానికి ఈ గుణం కూడా ఓ కారణం. పిల్లలు బురదలో చేతులు పెట్టి వెతుకుతుంటే తగిలింది చేపో పామో తేలేదాకా గుండె దడే. పెద్దవాళ్ళు వస్తే ఊతలు తెచ్చేవాళ్ళు. పైనా కిందా తెరిచి ఉన్న వెదురు బుట్టని బురదలో గుచ్చి, పైనుంచి చెయ్యి పెట్టి చేపని తియ్యడమే ఊత పని. వానలప్పుడు బోదె గండి దగ్గర పెట్టేది మావు. చేప లోపలికి వెళ్ళగలదు, వెనక్కి రాలేదు.

వాటాలు వేయడం చూడముచ్చటగా ఉండేది. చేపలన్నీ కుప్పలు పోసి, ఒకణ్ణి అటు తిప్పి నిలబెట్టి, ‘‘ఇది ఎవరికి?’’ అని ఒక్కో కుప్పా చూపించి అడిగేవారు. వాడు చెప్పిన పేరే తీర్పు. నీళ్ళు తోడకుండా గట్టు మీద కూర్చున్నవాడికీ ఓ చిన్న కుప్ప ఉండేది, చొక్కాలకి కాపలా కాసినందుకు.

ఇంటి దగ్గర ముందు తిట్లు, తర్వాత బూడిద. అమ్మ మార్పుల్ని బూడిదలో దొర్లించి జిగురు పోయేదాకా రాతి మీద తోమేది. సన్న పరిగెలైతే చింతచిగురుతో, మట్టగిడసలైతే మట్టిదాకలో పులుసు. పులస గొప్పలు లోకమంతా చెప్పుకోనీండి, స్వయంగా పట్టుకొచ్చిన పరిగె పులుసుకి మర్నాడు పొద్దున్న ఉండే రుచి వేరే ఏ చేపకీ రాదని ఈ వయసులోనూ వాదించేవాళ్ళున్నారు.

నది పేరు, డ్రెయిన్ ఊరు

సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగా తీసుకెళ్ళారని ఇక్కడి స్థలపురాణం. తుల్య, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భారద్వాజ, కౌశిక, వసిష్ఠ- ఇవీ ఆ పేర్లు. సప్తగోదావరి పుష్కరిణిలో ఆ జలాలన్నీ ఉన్నాయని భక్తుల నమ్మకం. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాసింది ఈ క్షేత్రం మీదే. పుష్య అమావాస్యనాడు కాకినాడ దగ్గర చొల్లంగిలో, తుల్యభాగ సముద్రంలో కలిసేచోట స్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెట్టడం ఇప్పటికీ ఉంది. ఆ అమావాస్యకి చొల్లంగి అమావాస్య అనే పేరు.

మరి ఆ తుల్యభాగని నీటిపారుదల శాఖ ఏమంటుందో తెలుసా? ‘తుల్యభాగ డ్రెయిన్’! చేలలో ఎక్కువైన నీటిని మోసుకెళ్ళే మురుగు కోడు. పిల్లలు గాలం వేసిన కోళ్ళూ బోదెలూ చివరికి ఇలాంటి వాటిలోనే కలుస్తాయి. ఒక రోజు పుణ్యస్నానానికి నది, మిగతా రోజుల్లో మురుగు. అందులోకి వచ్చి చేరేదాన్ని చూస్తే రెండో పేరే నిజమనిపిస్తుంది.

ఏం చేరింది? మొదట వరిచేలో చల్లే గుళికల మందు. పురుగుతోపాటు పరిగెనీ చంపింది. తర్వాత జబ్బు. 1988లో దేశంలోకి వచ్చిన చేపల పుండ్ల వ్యాధి కొద్ది ఏళ్ళలోనే ఆంధ్రా డెల్టాలకీ పాకింది. ఒంటి నిండా పుళ్ళతో తేలిన కొరమేనుల్నీ మట్టగిడసల్నీ చూసి ఇళ్ళలో చేపల కూరే మానేసిన రోజులు చాలామందికి గుర్తు. ఆపైన చెరువులు. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక తీరం వైపు చేలు కూడా చెరువులయ్యాయి. వాటి నీళ్ళు దిగేదీ కోళ్ళలోకే. ఊళ్ళ మురుగు, ప్లాస్టిక్ సరేసరి. పైన దుప్పటి కప్పినట్టు గుర్రపుడెక్క.

వీటికి తోడు బ్యాటరీ కరెంటు పెట్టి, మందు కలిపి ఒక్క పూటలో మడుగంతా ఊడ్చేసే మనుషులు తయారయ్యారు. నీళ్ళలో విషం కలిపి, పేలుడు మందు వాడి చేపల్ని చంపడం నేరమని 1897 నాటి ఫిషరీస్ చట్టమే చెప్పింది. గాలంతో కూర్చున్న కుర్రాడు రోజంతా కష్టపడితే ఈనెకి పది చేపలు. వాడి వల్ల ఏ బోదే ఖాళీ కాలేదు. ‘ఈకాలం పిల్లలు ఫోన్లు వదలరండీ, బోదె దగ్గరికి ఎవరొస్తారు’ అని పెద్దలు విసుక్కుంటారు కానీ, బోదెలో ఏమైనా మిగిల్చి పిలిస్తే కదా రావడానికి!

ఇప్పుడు ద్రాక్షారామం ఇళ్ళలో వండే చేపల్లో ఎక్కువ భాగం చెరువు శీలావతి, బొచ్చె. కొరమేను కూడా చెరువుల్లో పెంచిందే ఎక్కువ. 2022లో జిల్లా పేరు మారి ఊరు కోనసీమలో కలిసింది. సప్తగోదావరి మెట్లకి జనం ఎప్పట్లాగే వస్తున్నారు.

పూర్తిగా ఏమీ లేదనుకోవడం కూడా తప్పే. జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలిన మొదటి రోజుల్లో తూముల దగ్గర పాత దోమతెర ముక్కతో నలుగురైదుగురు కుర్రాళ్ళు కనిపిస్తారు. సెలవులకి సొంతూరొచ్చిన తాతలు అక్కడ కారు ఆపించకుండా ఉండలేరు.

‘‘ఏం పడ్డాయిరా అబ్బాయ్?’’

‘‘తిలాపియాలండీ... ఓ మట్టగిడస కూడా పడిందండి, కానీ చేతిలోంచి జారిపోయింది.’’

‘‘ఎంతుందిరా?’’

కుర్రాడు దోమతెర గట్టు మీద పడేసి, రెండు చేతులూ చాపుతాడు.